పేరు ఒకటి, పద్దు ఒకటి

"మా పన్నుల డబ్బంతా ఉచితాలకు తగలేస్తున్నారండీ!" కాలనీ పార్కులో నాలుగు రౌండ్లు కొట్టి బెంచీ ఎక్కిన ప్రతి పెద్దమనిషీ ఎత్తుకునే పాట ఇది. అయ్యా, తమరు ఫ్లాటు కొన్నప్పుడు వైట్ ఎంత, బ్లాక్ ఎంత? కాగితంలో రాసిన ధర వేరు, చేతులు మారిన ధర వేరు అని సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూచునే డాక్యుమెంట్ రైటరుకు తెలుసు, పక్కన టీకొట్టువాడికీ తెలుసు. ఒక్క ఖజానాకే తెలియదు.

మీరు వెక్కిరించే పింఛను ముసలమ్మ కూడా పన్ను కడుతోంది. ఫోను రీఛార్జి చేయిస్తే ఆవిడకూ 18 శాతం జీఎస్టీ, కోటీశ్వరుడికీ 18 శాతమే. ఎగ్గొట్టే వెసులుబాటు మాత్రం ఆవిడకు లేదు. 2019 సెప్టెంబరులో, మినహాయింపులు వదులుకునే కంపెనీలకు పన్ను 30 నుంచి 22 శాతానికి దించారు. ఇలాంటి తగ్గింపులన్నిటివల్లా ఏటా 1.45 లక్షల కోట్ల రాబడి పోతుందని స్వయంగా ఆర్థిక మంత్రే చెప్పారు. ఆ రోజు పార్కులో ఉచితమన్న మాట ఎవరి నోటా వినపడలేదేం? పేదవాడికిస్తే ఉచితం, పెద్దవాడికిస్తే ప్రోత్సాహకం!

సరే, ఎగ్గొట్టేవాళ్ల కథ పాతదే. నా కడుపుమంట ఎక్కువగా వసూలు చేసేవాళ్ల మీద. ఫలానా పనికని పేరు పెట్టి డబ్బు గుంజి, ఆ పని ఊసెత్తని వాళ్ల మీద. రాములవారి కల్యాణానికని చందా ఎత్తి సొంత అప్పు తీర్చుకున్నవాణ్ని ఊళ్లో ఏం చేస్తారో మీకు తెలుసు. అదే పని ప్రభుత్వం చేస్తే దానికి నిధుల సర్దుబాటు అని మర్యాదైన పేరు.

మీ ఇంటి పన్ను నోటీసు ఎప్పుడైనా చివరిదాకా చదివారా? గ్రంథాలయ సెస్సు అని ఒక పద్దు ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు. పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. వసూలు వరకూ చట్టం భేషుగ్గా నడుస్తోంది. జమ దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాదు. గ్రంథాలయ సంస్థల వాళ్లను కదిపితే ముందు వినపడేది బకాయిల గోడే. ఆ డబ్బు ఏమైందయ్యా అంటే జీతాలకంటారు, కరెంటు బిల్లులంటారు, వచ్చే ఏడు చూద్దామంటారు. అది వాళ్ల డబ్బా, వాడుకోవడానికి?

ఒకసారి శాఖా గ్రంథాలయంలోకి తొంగిచూడండి. బీరువాలకు తాళాలు. పేపర్ల బల్ల చుట్టూ నలుగురు రిటైర్డు మేష్టార్లు. వెనక గదిలో డీఎస్సీకీ గ్రూప్ 2కీ చదువుకునే పిల్లలు. పుస్తకాలు వాళ్లవే, నీళ్ల బాటిలు వాళ్లదే, కొన్నిచోట్ల ప్లాస్టిక్ కుర్చీ కూడా వాళ్లు కొని తెచ్చుకున్నదే. గ్రంథాలయం వాళ్లకిచ్చేది ఫ్యాను గాలి, అదీ కరెంటుంటే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినవాళ్లకు, 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం పెట్టినవాళ్లకు ఏ సెస్సూ లేదు, ఏ చట్టమూ లేదు. ఉన్నది సిగ్గు.

ఇంకొంచెం పొద్దున్నే లేస్తే కూలీల అడ్డాకు రండి. టిఫిన్ క్యారేజీ పట్టుకుని తాపీవాళ్లు, సెంట్రింగువాళ్లు, ఇసుక మోసే ఆడవాళ్లు నిలబడి ఉంటారు. వీళ్ల సంక్షేమానికని 1996లో చట్టం చేసి నిర్మాణ ఖర్చు మీద 1 శాతం సెస్సు వేశారు. అది అందాలంటే పేరు నమోదు చేయించుకోవాలి. నమోదు కావాలంటే గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణపు పని చేసినట్టు రుజువు చూపాలి. రోజుకో మేస్త్రీ దగ్గర, రోజుకో వీధిలో పనిచేసే మనిషికి రుజువెవడిస్తాడు? సంతకం పెట్టమంటే మేస్త్రీ ఫోనే ఎత్తడు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చిన లెక్క వినండి: దేశమంతటా వసూలైంది 37,400 కోట్ల పైన, ఖర్చయింది సుమారు 9,500 కోట్లు. అందులోంచీ కూలీల పేరిట లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లు కొన్నారని తెలిసి కోర్టే నివ్వెరపోయింది. పరంజా మీంచి జారి నడుం విరిగినవాడికి వాషింగ్ మెషీను! ఇంత వెటకారం నాకు కూడా చేతకాదు.

ఢిల్లీ వాళ్లు తక్కువ తినలేదు. మామూలు పన్నయితే రాష్ట్రాలకు వాటా ఇవ్వాలి. సెస్సయితే అక్కర్లేదు. అంతే, సెస్సులు పుట్టగొడుగుల్లా లేచాయి. 2021 బడ్జెట్ తర్వాత లీటరు పెట్రోలు మీద కేంద్రం లాగిన 32 రూపాయల 90 పైసల్లో రాష్ట్రాలతో పంచుకునే పద్దు కింద చూపింది ఒక రూపాయి 40 పైసలు! పోనీ, పేరు పెట్టి తీసుకున్నది ఆ పేరుకైనా ఖర్చుచేశారా? 2018-19లో 35 రకాల సెస్సుల కింద సుమారు 2.75 లక్షల కోట్లు వస్తే, వాటికోసం పెట్టిన నిధుల్లోకి చేరింది 1.64 లక్షల కోట్లేనని కాగ్ రాసింది. మిగతాది ఖజానాలోనే ఉండిపోయింది.

ఇది మావాడి హయాంలోనా, మీవాడి హయాంలోనా అని అప్పుడే వేళ్లు లెక్కపెడుతున్నారు కదూ? లెక్కపెట్టుకోండి. ఈ జాడ్యానికి జెండా రంగు లేదు. మీ నాయకుణ్ని తిట్టానని నా మీదకు వచ్చేవాళ్లు రండి, వచ్చేటప్పుడు మీ మున్సిపాలిటీ సెస్సు ఖాతా కూడా పట్టుకురండి.

లేదా ఒక తెల్లకాగితం తీయండి. సమాచార హక్కు చట్టం కింద రెండే ప్రశ్నలు రాయండి: గత అయిదేళ్లలో గ్రంథాలయ సెస్సు ఎంత వసూలు చేశారు, అందులో ఎంత, ఏ తేదీన జమచేశారు? దరఖాస్తుకు పంచాయతీలో రుసుమే లేదు, మున్సిపాలిటీలో 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒక్కరు అడిగితే ఆ కాగితం చెత్తబుట్టలోకి పోవచ్చు. ఒకే వార్డు నుంచి యాభై కాగితాలు వెళ్తే కమిషనరు గారే కూచుని పద్దు పుస్తకం తిరగేస్తారు. ఈ సోమవారమే పెట్టండి.