ఎత్తుకు ఒకే పట్టిక, మాటకు ఇంటి భాష

అంగన్‌వాడీల్లో పిల్లల ఎదుగుదలను చూసే ప్రమాణాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించింది. ఆరు దేశాల పిల్లలను కొలిచి వాటిని తయారుచేశారు. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలున్నారు. తల్లిపాలు, మంచి తిండి, ఆరోగ్యం ఉంటే అయిదేళ్లలోపు పిల్లలు ఎక్కడైనా దాదాపు ఒకేలా ఎదుగుతారని తేలింది. కనుక దుబల్గుండి బిడ్డ పట్టికలో వెనుకబడితే ‘మా వంశమే పొట్టి’ అని సరిపెట్టుకోవద్దు. తిండి, జబ్బులు చూపించుకోవాలి.

మాటల లెక్క వేరు. ఇంట్లో తెలుగే వినే బిడ్డను కన్నడంలో మాత్రమే అడిగి, బదులు రాకపోతే వెనుకబడ్డాడని రాయడం అన్యాయం. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించమంటోంది. బోధన ఏ భాషలోనో పరీక్షా ఆ భాషలోనే ఉండాలి. తల్లిదండ్రులారా, బిడ్డ ఇంట్లో ఏమేం మాట్లాడుతున్నాడో బడిలో చెప్పండి. తెలుగులోనూ అడిగి చూశాకే మేము మార్కు వేయాలి.