పెద్ద టర్బో ఎవరికి కావాలి?

మన హాస్టల్లో కార్ల టాపిక్ ఎక్కడ మొదలైనా ఒకే మాట దగ్గర ఆగుతుంది: "టర్బో మార్చెయ్, అదీ పెద్దది పెట్టు." బండి ఏదైనా, రోడ్డు ఏదైనా సలహా మాత్రం ఇదే. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. పలాస, టెక్కలి, ఉద్దానం రోడ్ల మీద తిరిగే బండికి పెద్ద టర్బో పెట్టడమంటే, డబ్బులిచ్చి మరీ బండిని స్లో చేసుకోవడమే. వినడానికి వింతగా ఉందా? లెక్క చూపిస్తాను. నాది కంప్యూటర్ సైన్స్, కాబట్టి మెకానికల్ మిత్రులకి ఎక్కడైనా తేడా కనిపిస్తే నిలదీయొచ్చు.

ముందు కేసు ఏంటో చెప్తాను. మా పెదనాన్న గారి అబ్బాయికి ఒక సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ డీజిల్ ఉంది. వాళ్ళది వజ్రపుకొత్తూరు వైపు ఊరు. అలాయ్ వీల్స్, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ ఇప్పటికే మారిపోయాయి. ఇప్పుడు టర్బో వంతు. "ఏటిరా, ఇంజినీరింగ్ సదువుతున్నావు గదా, ఏది ఎయ్యమంటావో నువ్వే సెప్పు" అని నన్నడిగాడు అన్నయ్య. అతని ముందు మూడు దారులున్నాయి: ఎక్కువ పవర్ కోసం పెద్ద టర్బో, ఎర్టిగాలో వచ్చిన వేరియబుల్ జామెట్రీ టర్బో, లేదంటే ఉన్నదాన్నే బాగు చేయించుకోవడం.

టర్బో అంటే మ్యాజిక్ ఏమీ కాదు. సైలెన్సర్ గుండా వృథాగా పోయే వేడి పొగతో ఒక చక్రం తిరుగుతుంది. అదే షాఫ్ట్‌కి రెండో చివర ఉన్న ఇంకో చక్రం గాలిని నొక్కి ఇంజిన్లోకి పంపుతుంది. గాలి ఎక్కువ వెళ్తే ఇంధనం ఎక్కువ మండించొచ్చు. స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్ఫ్రెడ్ బూచి 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. టెక్కలి వైపు గ్రానైట్ బ్లాకులు మోసుకొచ్చే లారీల్లో ఉండేదీ ఇదే. అయితే ఆ లారీకి కావాల్సింది టాప్ స్పీడు కాదు, తక్కువ ఆర్‌పీఎమ్‌లో లాగే బలం. ఈ విషయం లారీ డ్రైవర్‌కి తెలుసు, మన హాస్టల్‌కే తెలియదు.

ఇప్పుడు అంకెలు. స్విఫ్ట్‌లో ఉన్న 1.3 డీజిల్ ఇంజిన్ 1248 సీసీ. కంపెనీ లెక్క ప్రకారం 2000 ఆర్‌పీఎమ్ దగ్గర 190 న్యూటన్ మీటర్ల టార్క్, 4000 దగ్గర 75 పీఎస్ పవర్. టార్క్‌ని ఆర్‌పీఎమ్‌తో గుణించి పవర్ కట్టి చూస్తే 2000 దగ్గరే దాదాపు 54 పీఎస్ వచ్చేస్తోంది. అంటే సగం ఆర్‌పీఎమ్‌కే మూడొంతుల్లో రెండొంతుల పైన పవర్ చేతికొచ్చేసింది. ఇక గాలి సంగతి. ఈ ఇంజిన్ రెండు చుట్లకి ఒకసారి గాలి పీలుస్తుంది కాబట్టి టర్బో సాయం లేకుండా 2000 ఆర్‌పీఎమ్ దగ్గర నిమిషానికి 1248 లీటర్లు, 4000 దగ్గర 2496 లీటర్లు. టర్బో సెలెక్షన్ అంటే ఈ రెండు అంకెల మధ్య మనం ఎక్కడ బతుకుతున్నామో తెలుసుకోవడమే.

ప్రతి మంచి టర్బోకి కంప్రెసర్ మ్యాప్ అని ఒక గ్రాఫ్ ఉంటుంది. అడ్డంగా గాలి ప్రవాహం, నిలువుగా ప్రెషర్ రేషియో. మధ్యలో దీవుల్లా ఉండేవి ఎఫిషియెన్సీ ఎక్కువున్న చోట్లు. ఎడమ గీత దాటితే సర్జ్, అంటే గాలి ముందుకి పోలేక వెనక్కి తన్నడం. కుడివైపు చివరికి పోతే చోక్, ఇక గాలి పట్టదు. పెద్ద టర్బో దీవులు కుడివైపుకి జరిగి ఉంటాయి. చిన్న ఇంజిన్ తక్కువ ఆర్‌పీఎమ్‌లో ఇచ్చే కొద్దిపాటి పొగకి ఆ పెద్ద చక్రం త్వరగా తిరగదు. దీన్నే టర్బో ల్యాగ్ అంటాం. స్విఫ్ట్ డీజిల్ నడిపిన ఎవరినైనా అడగండి, 2000 లోపు బండి ఎలా నిద్రపోతుందో చెప్తారు. పెద్ద టర్బో పెడితే ఆ నిద్ర ఇంకా పొడవవుతుంది.

మన రోడ్లు చూడండి. కాశీబుగ్గ బజార్లో సెకండ్ గేర్. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య సన్నటి రోడ్లు, ఊరికో స్పీడ్ బ్రేకరు, మలుపు తిరిగితే మేకల మంద. కొబ్బరికాయల లోడు వ్యాన్‌ని దాటాలంటే 1800 దగ్గర నుంచి లాగాలి, అదీ ఎదురుగా ఇంకో బండి వచ్చేలోపు. బూస్ట్ 3000 దాటాక వస్తానంటే అప్పటిదాకా వ్యాన్ పక్కనే రాంగ్ సైడులో వేలాడాలి. పేపర్ మీద 20 పీఎస్ ఎక్కువున్న బండి ఆ రెండు సెకన్లలో పాత బండికన్నా బలహీనం. మా భాషలో చెప్పాలంటే, బెంచ్‌మార్క్ స్కోరు చూసి సర్వర్ కొని, దాని మీద రోజూ నడిచే ప్రోగ్రామ్ ఏంటో మర్చిపోవడం లాంటిది ఇది.

పలాస వాళ్ళకి ఈ సంగతి జీడిపప్పుతో చెప్తే ఇంకా తేలిక. డబ్ల్యూ 180 పెద్ద గింజ, డబ్ల్యూ 320 చిన్నది. పెద్దదే గొప్పదని పాయసంలోకి కూడా 180 కొనే ఇల్లాలు ఉంటుందా? వంటని బట్టి గ్రేడు. టర్బో కూడా అంతే.

ఎండ సంగతి కూడా చూడాలి. మే నెలలో 35 డిగ్రీల గాలిని రెండింతల ప్రెషర్‌కి నొక్కితే, కంప్రెసర్ ఎఫిషియెన్సీ 70 శాతం ఉన్నా గాలి దాదాపు 130 డిగ్రీలకి చేరుతుంది. ఎఫిషియెన్సీ 60కి పడితే 147. అదే 15 డిగ్రీల చలిదేశంలో, 70 శాతం దగ్గర, 105 దగ్గరే ఆగుతుంది. వేడి గాలి పల్చగా ఉంటుంది కాబట్టి బూస్ట్ మీటర్ ముల్లు పైకి లేచినా ఇంజిన్‌కి చేరే ఆక్సిజన్ అంత ఉండదు. యూట్యూబ్‌లో యూరప్ వాళ్ళు చూపించిన రిజల్ట్ మన దగ్గర రాకపోవడానికి ఇదొక కారణం. కాబట్టి నన్నడిగితే టర్బో కన్నా ముందు మంచి ఇంటర్‌కూలర్ మీద ఖర్చు పెట్టమంటాను.

మరి ఎర్టిగా టర్బో? ఆలోచన మంచిదే. అదే 1248 సీసీ ఇంజిన్ ఎర్టిగాలో 90 పీఎస్ ఇచ్చింది, 200 న్యూటన్ మీటర్లు 1750 దగ్గరే. చక్రం చుట్టూ ఉండే చిన్న రెక్కలు తక్కువ స్పీడులో దారిని ఇరుకు చేసి పొగని వేగంగా తోస్తాయి. తోటకి నీళ్ళు పెట్టేటప్పుడు పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టడం లాంటిదే. అయితే ఆ రెక్కల్ని ఎప్పుడు ఎంత తిప్పాలో ఈసీయూ చెప్పాలి. పాత ఈసీయూకి ఆ పని తెలియదు. వైరింగ్, ట్యూనింగ్ సరిగ్గా చేసే మనిషి లేకుండా టర్బో ఒక్కటే మార్చడం అంటే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ లేని గ్రాఫిక్స్ కార్డు కొనడమే. దాని పైన క్లచ్, ఆ తర్వాత బ్రేకులు, టైర్లు. ఒకటి పెంచితే మిగతావన్నీ లైన్లో నిలబడతాయి.

"అన్నీ లెక్కలేనా, సరదా ఉండదా?" అంటారు. ఉంటుంది. 3500 దగ్గర పెద్ద టర్బో ఒక్కసారి తన్నినప్పుడు వచ్చే కిక్ నాకూ ఇష్టమే. ఆ కిక్ కోసం ట్రాక్ ఉంది, చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో. పలాస నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు. నేషనల్ హైవే 16 మాత్రం ట్రాక్ కాదు. దాని మీద స్కూలు పిల్లలు, ఆవులు, పాల సైకిళ్ళు రోడ్డు దాటుతుంటాయి. చట్టం కూడా గుర్తుంచుకోవాలి. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని 2019 సవరణ చెప్తోంది. ఏ మార్పు చేసినా ముందు ఆర్టీవో ఆఫీసులో అడగాలి.

అన్నిటికన్నా పెద్ద సంగతి వేరే ఉంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి వెతకడం కష్టం. మా అన్నయ్య స్విఫ్ట్ కూడా వారానికి రెండుసార్లు పెదనాన్నని డయాలసిస్‌కి పలాస తీసుకెళ్తుంది. ఆ ఇంట్లో బండి అదొక్కటే. లక్ష ఆర్‌పీఎమ్ దాటి తిరిగే టర్బోకి ఆయిల్ లైన్ సరిగ్గా కుదరక బేరింగ్ పోతే, షెడ్డులో పదిరోజులు ఆగేది సరదా బండి కాదు, ఆస్పత్రి బండి. షోకు బండికీ ఇంటి బండికీ తేడా లేని ఇళ్ళు మన జిల్లాలో చాలా ఉన్నాయి. మనం ఇచ్చే సలహాలో ఆ విషయం ఉండాలి.

అందుకే నేను ఇచ్చే ఆర్డర్ ఇది: ముందు ఉన్న టర్బో షాఫ్ట్‌లో ఆట, హోస్‌లలో లీకు, ఆయిల్ చూపించు. తర్వాత బ్రేకులు, టైర్లు. తర్వాత ఇంటర్‌కూలర్. ఇంకా డబ్బు, ఓపిక, నమ్మకమైన ట్యూనర్, పర్మిషన్ అన్నీ ఉంటే అప్పుడు ఎర్టిగా టర్బో. పెద్ద టర్బో ఈ లిస్టులో లేదు. వచ్చేసారి ఎవరైనా ఏ టర్బో వెయ్యాలని అడిగితే పీఎస్ చెప్పకండి. "రోజూ ఏ రోడ్డు మీద, ఏ గేర్లో, ఎవర్ని ఎక్కించుకుని తిరుగుతావు?" అని అడగండి.