ఇంటి చదువు – శాస్త్రపు టెన్నిక

బిడ్డను బడికి పంపక యింటనే చదివింప నిశ్చయించుకొనిన తలిదండ్రులకు మొదటి కొన్ని యేండ్లు పెద్ద చిక్కు కలుగదు. అక్షరములు, లెక్కలు, కథలు, పద్యములు ఇంటిలోనివారే చెప్పగలరు. బిడ్డకు పదునొకండు పండ్రెండేండ్లు వచ్చుసరికి ప్రకృతి శాస్త్రము వాకిట నిలిచి యడుగును. భౌతికమా, రసాయనమా, జీవశాస్త్రమా? ఏది ముందు, ఏది వెనుక? ఈ ప్రశ్నకు మన గృహస్థులు సామాన్యముగ చెప్పుకొను సమాధానము బిడ్డను చూచి చెప్పునది కాదు. ఉద్యోగమును చూచి చెప్పునది. ఇంజనీరు కావలెనన్న భౌతికము, వైద్యుడు కావలెనన్న జీవశాస్త్రము. పండ్రెండేండ్ల పిల్లవాని చేతికి పదునెనిమిదేండ్లవాని ప్రవేశపరీక్షను అందించు ఈ పద్ధతి హానికరమని మా నిశ్చితాభిప్రాయము.

ముందుగా చట్టమును, పరీక్షలను గూర్చి రెండు మాటలు చెప్పవలసి యున్నది. 2010 ఏప్రిల్ 1వ తేదిని అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల బాలబాలికలకు ఉచిత నిర్బంధ విద్యను విధించి, బిడ్డను బడిలో చేర్చు విధిని తలిదండ్రులపై నుంచినది. ఇంటి చదువును అది ప్రత్యేకముగ పేర్కొనలేదు. అట్లుండ 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, బడి వెలుపల చదువుకొనువారి కొఱకు ఎనిమిదవ తరగతికి సమానమైన మెట్టును, పదునాలుగేండ్లు నిండినవారికి పదవ తరగతికి సమానమైన పరీక్షను నడుపుచున్నది. రాష్ట్రపు బడులలో సైతము ఆరు ఏడు తరగతులలో సామాన్యశాస్త్రము ఒకే పుస్తకముగ నుండి, ఎనిమిదవ తరగతి మొదలుగ భౌతిక రసాయనములు ఒకటిగను, జీవశాస్త్రము వేఱొకటిగను విడివడుచున్నవి. కావున పదునొకండవ యేట నుండి పదునాలుగవ యేటి వఱకు, బిడ్డను ఒక శాఖకు కట్టివేయుమని ఏ పరీక్షయు కోరుట లేదు. ఈ మూడేండ్లు ఇంట చదువుకొను బిడ్డకు దొరకిన నిధి. దానిని తలిదండ్రుల తొందరపాటు చేతనే పోగొట్టుకొనుట న్యాయము కాదు.

అయినచో అన్ని శాస్త్రములను కొంచెము కొంచెముగ పుస్తకము నుండి చెప్పిన చాలదా యని కొంద ఱడుగుదురు. చాలదు. బడిలో ప్రయోగశాల యున్నది, తోడి పిల్ల లున్నారు, తప్పు పట్టు ఉపాధ్యాయు డున్నాడు. ఇంటిలో ఇవి లేవు. ఆ లోటును తీర్చునది ఒక్కటే: ఒక వస్తువును పట్టుకొని, దానిని ఏడాది పొడవున చూచి, తూచి, కొలిచి, వ్రాసికొనుట. వస్తువే అక్కడ ఉపాధ్యాయుడు. కావున శాస్త్రము నెన్నుకొనుటకు మూడు పరీక్షలను మేము సూచించుచున్నాము. ఆ వస్తువు బిడ్డకు వారము వారము అందుబాటులో నుండునా? ఇంటనున్న త్రాసు, గిన్నె, త్రాడులతో దానిని కొలువవచ్చునా? దాని నుండి తక్కిన శాస్త్రములకు దారి యున్నదా?

ఈ మూటిని గూడూరున కన్వయించి చూతము. ఈ ప్రాంతపు పిల్లలకు ఆకాశమే ఒక పాఠము. శ్రీహరికోట నుండి 1971 మొదలుకొని రాకెట్లు లేచుచున్నవి. 2023 జూలై 14వ తేదిని చంద్రయానము మూడవది అక్కడి నుండియే బయలుదేరినది. ఆ నిప్పు తోకను చూచిన పిల్లవాడు భౌతికశాస్త్రమే చదివెదనని గంతులు వేయుట సహజము. ఆ యుత్సాహమును మేము చల్లార్చ గోరము. కాని రాకెట్టు కంటికి అందునే గాని చేతికి అందదు. ఏడాదికి కొన్ని మారులు మాత్రమే కనబడును. దొరవారిసత్రము దాపున నేలపట్టులో గూడు కట్టుకొను గూడబాతులు, పులికాటు సరస్సునకు వచ్చు రాజహంసలు మిక్కిలి రమణీయములు. అయినను అవి ఋతువును బట్టి వచ్చు నతిథులు. ఇక మిగిలినవి రెండు: నిమ్మతోట, కాలి క్రింది రాయి. మొదటి సంవత్సరమునకు రాయియే తగినదని, అనగా భూశాస్త్రమే తగినదని, మేము చెప్పుచున్నాము.

భూశాస్త్రమునకు పాఠశాలలలో ప్రత్యేకమగు పుస్తకము లేదు. భూగోళములో ఒక మూల, సామాన్యశాస్త్రములో ఒక మూల పడి యున్నది. కాని గూడూరు సీమను లోకమునకు తెలిపినది భూశాస్త్రమే. పందొమ్మిదవ శతాబ్దాంతము నుండి సైదాపురము మొదలగు చోట్ల అభ్రకపు గనులు సాగినవి. ఈ ప్రాంతపు పచ్చని ఛాయగల యభ్రకము విదేశములకు సైతము పోయినది. వేడికి ఓర్చుటయు, విద్యుత్తును పోనీయకుండుటయు దాని గుణములగుటచే విద్యుద్యంత్రములకు అది కావలసి వచ్చినది. అభ్రకము దొరకు సిరలలోనే పలుగురాయియు, ఫెల్డ్‌స్పారును కలిసి యుండును. తీరమున చిల్లకూరు, కోట మండలములలోని తెల్లని యిసుక గాజు పరిశ్రమకు ముడిసరకు. ఇంత సంపద నడుమ పెరిగిన బిడ్డ అభ్రకమునకును గాజుపెంకునకును భేదము చెప్పలేకపోవుట మనకు గౌరవము కాదు.

పని యెట్లు సాగవలెను? ఒక పలుగురాతి ముక్కను త్రాసున తూచవలెను. పిమ్మట దారము కట్టి నీట వ్రేలాడదీసి మరల తూచవలెను. గాలిలో 265 గ్రాములు తూగినది నీట 165 గ్రాములే తూగును. తగ్గిన నూటితో మొదటి తూకమును భాగించిన 2.65 వచ్చును, అది పలుగురాతి సాంద్రత. అభ్రకము అంతకంటె కొంచె మధికముగ, ఇంచుమించు 2.8 చూపును. పలుగురాయి గాజుపై గీత పెట్టును. అభ్రకముపై రాగి బిళ్లయే గీత పెట్టును. చేతిదీపపు బల్బునకును బ్యాటరీకిని నడుమ అభ్రకపు పొర నుంచిన దీపము వెలుగదు. ఇది భౌతికశాస్త్రము గాక మఱేమి? ఆర్కిమిడీసు సూత్రమును వల్లించిన పిల్లవానికంటె దానిని తన చేతితో రాతినుండి రాబట్టిన పిల్లవాడు ముందున్నాడు.

రాయి నుండి మన్నునకు, మన్ను నుండి తోటకు దారి దూరము కాదు. చెలకమన్నును సీసాలో నీటితో కలిపి కదిపి నిలిపిన, ముందు ఇసుకయు, పిమ్మట ఒండ్రును, కడపట బంకమన్నును దిగును. దిగుడుబావి యున్నచోట పెద్దవారి తోడుతో వారము వారము ముడులు వేసిన త్రాటితో నీటిమట్టమును కొలిచి వ్రాసిన, ఈశాన్య ఋతుపవనము తెచ్చు వాన నేలలో నెంత యింకినదో ఏడాది చివర తేటపడును. రెండవ యేట నిమ్మతోట రసాయనశాలగును. పసుపు నీటిలో సున్నము కలిపిన ఎఱ్ఱబారును. నిమ్మరసము పోసిన మరల పసుపగును. గుల్లపై నిమ్మరసము పడిన బుడగలు లేచును. అదే నిమ్మాకుపై సీతాకోకచిలుక గ్రుడ్డు పెట్టును. పక్షిరెట్టవలె నుండు చిన్న పురుగు క్రమముగ ఆకుపచ్చనై, గూడు కట్టి, రెక్కలతో వెలువడును. మూడవ యేట జీవశాస్త్రము వేఱుగ వెదకికొన నక్కరలేదు. తోటలోనే కాచుకొని యుండును.

దీనికి మూడు ఆక్షేపణలు వినవచ్చును. పరీక్ష యేమగునని మొదటిది. సామాన్యశాస్త్రపు పుస్తకమును మానుమని మేము చెప్పుట లేదు. వారమున రెండు దినములు పుస్తకము, మూడు దినములు వస్తువు అనుచున్నాము. సాంద్రత, ఆమ్లము, జీవితచక్రము చేతితో నేర్చినవానికి పుస్తకము తేలిక. అపాయము కలదని రెండవది. అది నిజము. పాడుపడిన గనుల గోతులలోనికి బిడ్డను పోనీయరాదు. పలుగురాతిని పగులగొట్టరాదు, పొడి చేయరాదు, ఆ ధూళి ఊపిరితిత్తులకు పరమ హానికరము. దారిప్రక్క దొరకు ముక్కలు చాలును. ఇంటిగోడ విద్యుత్తు జోలికి పోనేరాదు. ఆడపిల్లకు రాళ్లతో నేమి పని యని మూడవది. దీనికి మా సమాధానము సూటిగ నున్నది: ఇంటి చదువను పేర కూతురిని వంటయింటికి పరిమితము చేయుట చదువు కాదు. 1976లో రాజ్యాంగమున చేర్చిన పౌరవిధులలో శాస్త్రీయదృష్టిని పెంపొందించుకొనుట యొకటి. అందు ఆడ మగ భేదము లేదు.

ఇంటనుండి శాస్త్రమును సేవించుట తెలుగువారికి క్రొత్త కాదు. గోడే వెంకట జగ్గారావుగారు 1840లో విశాఖపట్టణమున తమ యావరణలోనే నక్షత్రశాలను నెలకొల్పిరి. వారి యల్లుడు అంకితము వెంకట నరసింగరావుగారు 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించిరి. 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి, ఇంట కూర్చుండి చదువుకొను తెలుగువారి కొఱకు శాస్త్రగ్రంథములను తెలుగులో ప్రచురించినది. జమీందారులకు దూరదర్శినులుండెను; మనకు త్రాసును, త్రాడును చాలును.

కావున గూడూరు భూస్వాములకును, పట్టణవాసులకును మా మనవి యిది. తోట గలవారు ఇరుగుపొరుగు పిల్లలను నెలకొక దినము తోటలోనికి రానిండు. బావి గలవారు కొలువనిండు. అభ్రకపు పనిలో చేతులు పండిన పెద్దలు ఇంకను మన నడుమ నున్నారు. వన్నెను బట్టి, పొరను బట్టి రకము చెప్పగల ఆ వ్రేళ్ల విద్య ఏ పుస్తకమునను లేదు. వారిని గౌరవముతో పిలిచి పిల్లల యెదుట కూర్చుండబెట్టుడు. తలిదండ్రులారా, బిడ్డ ఏ శాస్త్రము చదువవలెనో నిర్ణయించుటకు ముందు, ఒక నెల దినములు ఆ బిడ్డ అడిగిన ప్రశ్నలను ఒక పుస్తకమున వ్రాసి చూడుడు. మేము రాతిని సూచించితిమి. ఆ పుస్తకము వేఱొకటి సూచించినచో మా మాట కంటె దానినే మన్నింపుడు. ఉద్యోగము వచ్చునపుడు వచ్చును. అడుగుట మఱచిన బిడ్డకు మాత్రము ఏ శాస్త్రమును రాదు.