స్క్రీన్ మీద 1.6, తాడు మీద 0.7

డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు హై-పవర్ రాకెట్ కిట్ కొన్నాడు. అక్కడ హెచ్, ఐ మోటార్లు వాడాలంటే లెవల్ 1 సర్టిఫికేషన్ కావాలి. అది రావాలంటే రాకెట్ మనమే కట్టి, ఎగరేసి, పారాచూట్‌తో దెబ్బ తగలకుండా దింపాలి.

కిట్‌ని ఉన్నదున్నట్టు కడితే మజా ఏముంది? అన్నయ్య ఫిన్‌ల మొదట్లో ఎపాక్సీ దట్టంగా పూశాడు, వెనకవైపు కెమెరా పెట్టాడు. ఓపెన్‌రాకెట్‌లో సిమ్యులేషన్ నా డ్యూటీ. స్టెబిలిటీ 1.6 కాలిబర్లు వచ్చింది. సూపర్ అన్నయ్యా, అన్నాను.

కాలిబర్ అంటే ట్యూబ్ వ్యాసం, మాది 4 అంగుళాలు. గాలి ఒత్తిడి కేంద్రం కన్నా బరువు కేంద్రం కనీసం అంత ముందుకి, ముక్కు వైపు ఉండాలి. లేకపోతే రాకెట్ గాల్లో పల్టీలు కొట్టొచ్చు.

అన్నయ్య మోటార్ బరువుకి సరిపడా ఇసుక ప్యాకెట్ వెనక పెట్టి, రాకెట్‌ని తాడుతో వేలాడదీశాడు. వీడియో కాల్‌లో నేనూ లెక్కేశా. 0.7! ఎపాక్సీ బరువు నేను ఎంటర్ చేయనే లేదు, కెమెరాది ఊహించి కొట్టేశా.

కిట్‌ని కెలకొద్దు అనే పెద్దల మాట నేను ఒప్పుకోను. కెలకాలి, కానీ కెలికిన ప్రతిసారీ తూచాలి. మన సీఎస్ వాళ్ళకి ఎర్రర్ రాకపోతే కరెక్టే అనే జబ్బు ఉంది (నాకైతే ముదిరింది). తప్పు బరువు ఇచ్చినా సాఫ్ట్‌వేర్ నవ్వుతూ గ్రాఫ్ గీస్తుంది. లాంచ్ ఫీల్డ్‌లో మాత్రం మనుషులు నిలబడి ఉంటారు.

ముక్కులో సీసం గుళ్ళు పోసి అతికించాక 1.2కి వచ్చింది. ఎత్తు కొంచెం తగ్గుతుందట. తగ్గనీ.