ఆరోగ్య ప్రకరణము: అత్తగారి రక్తపరీక్ష

మైపాడు సముద్రతీరమునకు చేరువనున్న యొక పల్లెనుండి ఒక సోదరి వ్రాసిన లేఖ ఈ మాసమున మాకు చేరినది. ఏబదియెనిమిదేండ్ల యామె యత్తగారికి రెండు నెలలుగా మలముతో రక్తము పడుచున్నదట. మూలశంకయనియు, ఎండలకు వేడి చేసినదనియు చెప్పి, సబ్జాగింజల నీరును మజ్జిగయు త్రాగుచు దినములు గడుపుచున్నారు. వైద్యునికి చూపుదమన్నచో, ఆ చోటు పరపురుషునికి చూపుటకంటె చావు మేలనుచున్నారు. ఇంతలో చెన్నపట్నమునుండి వచ్చిన బంధువొకరు, ప్రేగులోని రాచపుండును చేతినుండి తీసిన రక్తముతోనే కనిపెట్టవచ్చునని చెప్పిరట. అది చేయించిన చాలునా యని సోదరి ప్రశ్న.

చాలదు. అయినను బంధువు మాట యబద్ధమును కాదు. కావున కొంత వివరింపవలసియున్నది.

మన శరీరకణములలో డి.ఎన్‌.ఏ. యనునది పెట్టెలో దాచిన పాత వంటల పుస్తకము వంటిది. దానిని పొయ్యి దగ్గరకు తేక, ఆనాటి పులుసునకు కావలసినంత మట్టుకు చీటీపై వ్రాసికొందుము గదా! ఆ చీటీయే ఆర్‌.ఎన్‌.ఏ. క్యాన్సరు కణముల పుస్తకమున తప్పులుండును. వాని చీటీలును మారును. పెద్దప్రేగు క్యాన్సరులో నా తప్పులెట్టివో 276 కంతులను శోధించి 2012లో ప్రకటించిన అమెరికా పరిశోధక బృందమునకు నాయకత్వము వహించినవారిలో, మన ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివిన కుచెర్లపాటి రాజుగారొకరు.

చీటీలలో మిక్కిలి చిన్నవి మైక్రో ఆర్‌.ఎన్‌.ఏ.లు, సుమారు ఇరువదిరెండక్షరముల పొడవు. ఇవి వంట చెప్పవు. ఇతర చీటీల నోరు నొక్కును. 1993లో ఒక సన్నని పురుగునందు వీనిని కనుగొన్నందులకు ఆంబ్రోస్‌, రవ్‌కున్‌ గారలకు 2024లో నోబెలు బహుమానము లభించినది. మామూలు ఆర్‌.ఎన్‌.ఏ. రక్తములో త్వరగా చివికిపోవును. ఇవి మాత్రము క్రొవ్వుపొర తిత్తులలో దాగియో, మాంసకృత్తుల నంటుకొనియో నిలుచును. 2009లో హాంకాంగు పరిశోధకులు మిర్‌-92 అను నొకదానిని కొలిచి, పదిమంది రోగులలో సుమారు తొమ్మండుగురిని గుర్తింపగలిగిరి. కాని రోగము లేని పదిమందిలో మువ్వురిని గూడ నది యనుమానితులుగా చూపెను!

ఇంకొక చిక్కు కలదు. ఈ మిర్‌-92 మన ఎర్రకణములయందును సమృద్ధిగా నుండును. పల్లెలో తీసిన రక్తము ఆటోలో కుదుపులు తిని, వైశాఖపు టెండలో నెల్లూరు చేరునప్పటికి కణములు పగిలినచో, లేని రోగము ఉన్నట్లు తోచవచ్చును.

2024 జూలైలో అమెరికా ప్రభుత్వ మంగీకరించిన రక్తపరీక్ష డి.ఎన్‌.ఏ.ను చూచునది. అది నూరుగురు రోగులలో ఎనుబదిమువ్వురిని పట్టినను, రాచపుండుగా మారబోవు ముదిరిన పిలకలను నూటికి పదమూడింటినే పట్టినది. అదే యేట మే మాసమున అంగీకరింపబడిన ఆర్‌.ఎన్‌.ఏ. పరీక్ష రక్తమునుగాక మలమును శోధించునది. రక్తములోని ఆర్‌.ఎన్‌.ఏ. పరీక్ష యింకను వైద్యుని నిత్యకృత్యములోనికి రాలేదు.

ముఖ్యమైన మాట. ఇట్టి పరీక్షలు ఏ బాధయు లేనివారిని వడబోయుటకు. మీ యత్తగారికి రక్తమే పడుచున్నది. పరీక్షలో రోగము లేదని వచ్చినచో ఇంటిల్లిపాదియు నిశ్చింతగా నుందురు; పుండున్నచో అది పెరుగుచునే యుండును. ఆమెకు కావలసినది వైద్యుడు వ్రేలితో పరీక్షించుట, పిదప కెమెరా గల సన్నని గొట్టముతో పెద్దప్రేగును చూచుట. ముందు మందిచ్చి కడుపు శుభ్రపరతురు, మత్తుమందు నిత్తురు. పిలక కనబడినచో తరచుగా నప్పుడే తీసివేయుదురు. కేవలము మూలశంకయైనచో దానికి తగిన చికిత్స దొరకును. సిగ్గు సంగతి తోసివేయదగినది కాదు. స్త్రీవైద్యురాలు కావలెనని నిస్సంకోచముగా నడుగుడు.

మన ప్రభుత్వము ముప్పదేండ్లు దాటినవారికి జరుపు క్యాన్సరు తనిఖీలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారములకే. ప్రేగు సంగతి ఇంటివారే కనిపెట్టుకొనవలయును. కారణము తెలియని రక్తహీనత, మలవిసర్జనలో మార్పు, బరువు తగ్గుట కలవేమో చూడుడు. రక్తము పడిన దినములను కాగితముపై వ్రాసి వైద్యురాలికి చూపుడు.

మీ మాట అత్తగారు వినకున్నచో ఆడబిడ్డగారిచేత చెప్పింపుడు. ఏమి జరిగినదో మాకు వ్రాయుడు.