గృహారోగ్యము: పంటి మొదట పట్టు పుచ్చు

చన్నీరు పుక్కిలించినంతనే దవడ పట్టుకొనుట, రాగిసంకటి మ్రింగి వేరుసెనగ గింజలను ప్రక్కకు నెట్టుట, నలువది యేండ్లు దాటిన యిల్లాండ్రలో మనము తరచు చూచునదే. “వయసు వచ్చినది, పండ్లు పోక నిలుచునా?” అని వారే సరిపెట్టుకొందురు. ఆ మాట సరికాదని చెప్పుటకే మేమీ పుటను వినియోగించుచున్నాము. పండ్లను రాల్చునది వయసు కాదు, వ్యాధి. ఆ వ్యాధిని చాలవరకు ఆపవచ్చును.

పంటి పైభాగమునకు పింగాణివంటి పూత గలదు. దేహమంతటను దానికంటె గట్టి పదార్థము లేదు. మూలమునకు అట్టి కవచము లేదు. ఎముకవంటి పలుచని పొర మాత్రమే యుండును. చిగురు దానిని కప్పి కాపాడును. పాచి, గార పేరుకొని చిగురు చెడి తొలగినచో మూలము బయటపడును. నోటిలోని సూక్ష్మజీవులు తీపిని తిని ఆమ్లమును పుట్టించును. పింగాణిపూతను కరగింపజాలని కొద్దిపాటి ఆమ్లము సైతము మూలమును కరగించును. పెనుకొండ కోటగోడ యెంత గట్టిదైనను పునాది మన్ను కొట్టుకొనిపోయినచో నిలువదు గదా! తొలుత నొప్పి యుండదు. చిగురు అంచున పసుపు లేక గోధుమరంగు మచ్చ మాత్రము కనబడును. నొప్పి తెలియునాటికి పుచ్చు నరమును సమీపించును.

ఇక మన అలవాట్లు చూతము. ధర్మవరము పట్టుమగ్గముల యిండ్లలో కండెలు చుట్టుచు ఆకువక్కతో పొగాకు చేర్చి గంటలకొలది బుగ్గన నుంచుకొను స్త్రీలు గలరు. ఆ ముద్ద ఆనినచోట చిగురు తొలగును. అమెరికాలో 1999లో వెలువడిన యొక పరిశీలనలో, పొగాకు నమలు పురుషులకు, ఎన్నడును ముట్టనివారికంటె, మూలమున పుచ్చుండు అవకాశము నాలుగు రెట్లని తేలినది. అచటి నమలు పొగాకులో తీపి కలుపుదురు. పొగాకువలన నోటిపుండు, కాన్సరు భయము వేరుగా నుండనే యున్నది.

హిందూపురము సంత చింతపండునకు, బెల్లమునకు పేరుగన్నది. పండుగనాడు భోజనముతో ఓళిగ తినుటవలన గలుగు కీడు స్వల్పము. దినమున కైదారుమార్లు తీపి తేనీరు త్రాగుట, మాటిమాటికి బెల్లపుముక్కయో చింతపండో చప్పరించుట, ఇవియే మూలమును తినివేయును. లాలాజలము ఆమ్లమును కడిగివేయుటకు తీరిక దొరకదు.

మధుమేహమువలనను, రక్తపుపోటు, నిద్రలేమి మొదలగు వానికిచ్చు కొన్ని మందులవలనను నోరు ఎండిపోవును. అందుకై మందు మానరాదు, వైద్యునకు తెలుపవలెను. బొగ్గుతోను, ఇటుకపొడితోను గట్టిగా తోమువారి చిగుళ్లును త్వరగా అరుగును.

“మన సీమ బోరునీటిలో ఫ్లోరైడు హెచ్చుగదా, ఫ్లోరైడు పేస్టు వాడవచ్చునా?” అని పలువురు సందేహింతురు. నీటిలోని మితిమీరిన ఫ్లోరైడు దినదినము కడుపులోనికి పోయి పిల్లల ఎదుగు పండ్లకు, పెద్దల ఎముకలకు కీడు చేయును. ఆ జబ్బును ప్రకాశము, నెల్లూరు ప్రాంతములలో 1937లోనే వైద్యులు గుర్తించిరి. పేస్టు అట్లుకాదు, పంటి పైననుండి మూలమును గట్టిపరచును, తోమినపిదప ఉమ్మివేయుదుము. పెద్దలు నిర్భయముగా వాడవచ్చును. చిన్నపిల్లలకు బియ్యపుగింజంత చాలును, మ్రింగనీయరాదు.

మెత్తని బ్రష్షుతో ఉదయము, పరుండుటకు ముందు, చిగురు అంచున మెల్లగా తోమవలెను. నిద్రలో లాలాజలము తగ్గును గనుక రాత్రి తోముట ముఖ్యము. వేపపుల్ల వాడువారు మెత్తగా నమిలి వాడుడు. దానిలో ఫ్లోరైడు లేదని మరువకుడు. పులుపు, తీపి తిన్నపిదప నీటితో పుక్కిలింపుడు. రాత్రి పొగాకు నోటనుంచుకొని నిద్రింపకుడు; అసలే మానిన మరింత మేలు.

ఈ రాత్రియే అద్దమును, దీపమును చేతబట్టి చిగుళ్ల అంచు చూచుకొనుడు. మచ్చ కనబడినచో, నొప్పి లేదని ఊరకుండక దంతవైద్యునికి చూపుడు. తొలిదశలో ఫ్లోరైడు పూతతోనే ఆ మెత్తని చోటు మరల గట్టిపడవచ్చును. కొంత ముదిరినచో పూడ్చవచ్చును. మిక్కిలి ముదిరినచో పెరుకుటయే గతి. ఇంటిల్లిపాదికి వడ్డించిన పిదపనే తన కంచము పెట్టుకొను ఇల్లాలు, తన పంటి సంగతిని మాత్రము అందరికంటె వెనుకకు నెట్టరాదని మా మనవి.