కూత వేసే కాగితం

అమెరికా ఆస్పత్రులలో ఫాక్సుకు నేటికీ కాలం చెల్లలేదు సుమండీ! కాగితం మీది నలుపు తెలుపులు కూతలుగా మారి టెలిఫోనులో పోతాయి. ఆ టెలిఫోను ఇప్పుడు చాలాచోట్ల ఇంటర్నెట్టు మీద నడుస్తున్నది. చోటు కలిసిరావాలని అక్కడ గొంతును కుదిస్తారు. మాట కొంచెం నలిగినా మన చెవి సర్దుకుంటుంది. యంత్రానికి ఆ ఉదారత ఎక్కడిది? మందుచీటీలో మోతాదు రాసిన గీతే చెరిగిపోతే?

1998లో టి.38 అనే పద్ధతి వచ్చింది. కూతను దారి మొదట్లోనే విప్పి, అందులోని అంకెలను పొట్లాలు కట్టి పంపుతారు. ఒక పొట్లంలోని సరుకును తరువాతి పొట్లంలోనూ ఉంచవచ్చు. దారిలో ఒకటి పోయినా బెంగలేదు. అవతల మళ్ళీ కూత! ఈ ఏర్పాటు లేకుంటే, గొంతును అంతగా నలపని జి.711 ఇమ్మని టెలిఫోనువారిని అడగండి. యంత్రంలో తప్పులు దిద్దుకునే సదుపాయాన్ని ఆపకండి. సెకనుకు 14,400 బిట్ల వేగాన్ని 9,600కు దించండి. పేజీకి కాసిని సెకన్లు ఎక్కువ పడితే పడనివ్వండి.